మడమ అరుగుదల

మనిషి అబద్ధమాడతాడు, జోడు ఆడదు.
వల్పరాయిసోలో, కొండ మీదికి పోయే దారిలో
నూట అరవై రెండో మెట్టు పక్కన
ముప్పయ్యేళ్లుగా మడమలు కొడుతున్నదాన్ని, నాకు తెలుసు.

గోడలకు రంగులేసే నోల్బెర్తో బూట్లు
ఆ చలికాలం లోపలి అంచులు అరిగి వచ్చాయి,
రెండూ ఒకేలా,
ఊగే ఓడ మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డవాడికి అరిగినట్టు.
"ఏ ఓడ దిగావయ్యా?" అన్నాను.
నవ్వాడు. నేనూ నవ్వాను.
కొత్త మడమలు కొట్టి నాలుగు వేల పెసోలు తీసుకున్నాను.

చేతి వణుకు ఆగడానికి పొద్దున్నే ఒక గ్లాసు,
నిచ్చెన ఎక్కబోతూ ఒకటి,
దిగాక, దిగగలిగినందుకు ఒకటి.
రొట్టె ముక్క జేబులోనే ఎండిపోయేది.
ఇరవై రెండేళ్లు.

మూడంతస్తుల మీంచి పడనివాడు
ఒకనాడు నిచ్చెన రెండో మెట్టు మీంచి పడ్డాడు.
అప్పుడు మానేశాడు.
నిజంగానే.

నలభై ఒకటో రోజున పోలీసు ఆపి గొట్టం ఊదమన్నాడు.
సున్నా.
యంత్రాన్ని విదిలించి మళ్లీ ఊదించాడు.
సున్నా.
"అయితే తిన్నగా నడువు" అన్నాడు, అదొక్కటే చేతకానివాణ్ణి పట్టుకుని.
రొట్టెల కొట్టు రెమెదియోస్ అతన్ని చూసి సగం తలుపు వేసింది.
పిల్లలు వెనకాలే తూలుతూ నడిచారు.
తాగినన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు,
మానేశాక ఊరంతా తాగుబోతన్నది.

నా ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పాడు
ఆసుపత్రిలో చూపించిన బొమ్మ గురించి:
తల వెనక, మెడకు పైన, గుప్పెడు ముద్ద,
సన్నటి మడతలు మడతలుగా.
నడిమి భాగంలో, పైవైపు
మడతకూ మడతకూ మధ్య సందు పెరిగిందట.
పొయ్యి పక్కన మరిచిపోయిన తోలు ముడుచుకుంటుందే,
అలాగా? అన్నాను.
అలాగే అన్నాడు.
అక్కడ చెట్లలాంటి కణాలుంటాయట,
గ్లాసుకో రెమ్మ రాలి, కొన్ని మోడులై, కొన్ని అసలే లేకుండా.
పోయినవి మళ్లీ చిగురించవని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.
ఉన్నవాటికి విటమిను, తిండి, ఓపిక.
ఇంకొంచెం మెరుగుపడొచ్చు, పడకపోవచ్చు.

"చిన్నమెదడంటారట, దోన్యా ఎదువీహెస్.
చిన్నదే. కానీ ఈ మెట్లన్నీ దానికే తెలుసట.
ఇన్నాళ్లూ నేనెక్కుతున్నాననుకున్నాను."

నేల మీద గీత గీసి,
మడమను వేలికి ఆనించి నడవమంటే
నాలుగో అడుగుకి డాక్టరమ్మ భుజం మీద పడ్డాడట.
లేచి, సిగ్గుతో పెన్సిలు అడిగి,
అదే గదిలో గోడ మీది కాగితంపై
మూరెడు గీత గీశాడట, దారం పట్టినట్టు.
దెబ్బ ముందు కాళ్లకట,
చేతులు చాలామందికి మిగులుతాయట.

నేనేమీ అనలేదు.
రెండేళ్ల ముందే ఆ అరుగుదల నా ఒళ్లో ఉంది,
వేలితో తడిమి చూశాను కూడా.
సాక్ష్యాన్ని ఆకురాయితో గీకి, జిగురు పూసి,
కొత్త రబ్బరు అంటించి పంపించాను.
కాలు జారితే తీసుకోవచ్చంటారు.
ఎవరన్నారో వాళ్లు ఈ కొండ ఎక్కి ఉండరు.

లారీ టైరు కోసి అడుగులు చేశాను,
రెండు వైపులా బొటనవేలంత వెడల్పు ఎక్కువ.
బాతుకాళ్లలా ఉన్నాయన్నాడు.
డబ్బు వద్దంటే ఊరుకోలేదు.
పీట మీద కూర్చునే నా గుమ్మానికి నీలం అంచు వేశాడు,
పట్టీ అంటించకుండా, ఊపిరి బిగబట్టి.
ఈ వీధిలో అంత తిన్ననిది ఇంకేదీ లేదు.

తర్వాత గోడ పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు.
కుడి. ఎడమ. ఖాళీ. కుడి.
చెవితో లెక్కపెడుతున్నాను.
ముప్పై ఏడో మెట్టు దగ్గర చప్పుడు ఆగింది.
ఎత్తిన సుత్తి ఎత్తినట్టే
నా చేతిలో.